సవరణ: బహుమతి ఇస్తే ఆసక్తి పోతుందన్న మాట

బహుమతి ఇస్తే పిల్లల్లో సహజమైన ఆసక్తి పోతుందని, 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం దాన్నే రుజువు చేసిందని కిందటి వ్యాసంలో రాశాను. అది తప్పు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో, బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను వాళ్లు మూడు జట్లు చేశారు. బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, ఎర్ర రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని మొదటి జట్టుకు ముందే చెప్పారు. రెండో జట్టుకు ఏమీ చెప్పకుండా, వేయడం పూర్తయ్యాక అదే పత్రాన్ని చేతిలో పెట్టారు. మూడో జట్టుకు ఏదీ ఇవ్వలేదు. కొన్నాళ్లకు తరగతి గదిలో స్కెచ్ పెన్నులు మళ్లీ బల్ల మీద పెట్టి గమనించగా, మొదటి జట్టు మాత్రమే మిగతావారితో పోలిస్తే సుమారు సగం సమయం వాటితో గడిపింది. ఆశించకుండా పత్రం అందుకున్న పిల్లల్లో ఆసక్తి తగ్గలేదు.

నేను వదిలేసింది ఈ రెండో జట్టునే, ప్రయోగానికి ప్రాణం కూడా అదే: దెబ్బ తీసింది బహుమతి కాదు, "దీనికోసమే వేస్తున్నాను" అనిపించే ముందస్తు ఒప్పందం. గణితంలో ఎక్కాలు అంటే మొదటినుంచీ ఇష్టంలేని పిల్లవాడికి చిన్న బహుమతి ఆశ చూపడం తప్పని ఈ ప్రయోగం చెప్పలేదు. నా వ్యాసం చదివి అలాంటి బహుమతులు ఇవ్వడం మానేసిన తల్లిదండ్రులు ఉంటే దయచేసి ఇది గమనించగలరు.