ఆదర్శ కోడలికి శాలువా

యనమదుర్రు డ్రెయిన్ గట్టున రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు ముసలివాళ్లను ఎందుకు చూసుకుంటారు? భీమవరంలో ఒక సంఘం వారికి ఈ సందేహం ఏటా ఒక్కసారే వస్తుంది, అక్టోబరు 1న. వృద్ధుల కోసం ఐక్యరాజ్యసమితి 1990లో ఖాయం చేసిన రోజు అది. జవాబు మాత్రం వారికి ముందే తెలుసు: మన సంస్కృతి. రుజువు కోసం ఒక ఆదర్శ కోడలిని వెతికి పట్టుకొచ్చారు.

అత్తగారిని కూడా తెమ్మన్నారు. ఫొటోలో ఇద్దరూ పడాలి కదా. పక్షవాతంతో ఎడమ వైపంతా పడిపోయిన మనిషిని ఆటోలోంచి ఎత్తి ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూలేశారు. పది గంటల సభకు ముఖ్య అతిథి పన్నెండున్నరకు వచ్చి, ఉమ్మడి కుటుంబం మీద నలభై నిమిషాలు మాట్లాడారు. (వారి అమ్మగారు హైదరాబాదులో ఏసీ హోములో ఉన్నారట. అది వేరే సంస్కృతి లెండి.) ముసలమ్మ పక్కకు ఒరిగిపోతుంటే కోడలు మోచేత్తో ఎగదోస్తూనే ఉంది. అంతలో కుర్చీ కింద తడి. కోడలు చెంగుతో తుడవబోతే, "ఆగమ్మా, ముందు ఫొటో" అన్నారు. శాలువా కప్పారు. మైకు పెట్టి, ఇంత ప్రేమగా చూసుకోవడానికి కారణం చెప్పమన్నారు.

"నేను చూడకపోతే ఇంకెవరు చూస్తారండి?"

చప్పట్లు.

చప్పట్లేమిటయ్యా, ఆవిడ మిమ్మల్ని అడిగింది! రొయ్యల షెడ్డులో పని మానేసి మూడేళ్లు. ఇంట్లోకి వచ్చేది మొగుడి కూలి, ఒకటో తారీకున అత్తగారికి ఇచ్చే 4,000 పింఛను. 80 నిండని ముసలివాళ్ల పింఛనులో ఢిల్లీ వాటా 200. వదిలేసి పోతే 3 నెలల దాకా జైలని 2007లో చట్టం రాశారు. ఒక్క పూట ఆ మంచం దగ్గర కూర్చుని ఈవిణ్ణి పనికి పంపే మనిషిని మాత్రం ఏ చట్టంలోనూ రాయలేదు. రాత్రి రెండింటికి పక్క మార్చేది మీ సంస్కృతి కాదు, నడుం పట్టేసిన ఈవిడ.

తిరుగు ఆటోలో నేనూ ఎక్కాను. సిగ్గు లేకుండా అదే ప్రశ్న మళ్లీ అడిగాను.

"నా రెండు పురుళ్లూ ఈవిడే పోసిందండి" అంది. కాసేపాగి, "అయినా విసుక్కుంటానండి. తిడతాను కూడా."

శాలువాను నాలుగు మడతలు పెట్టి అత్తగారి కిందకి తోసింది. చేత్తో తడిమి చూసి మళ్లీ లాగేసింది.

"పాలిస్టరండి, పీల్చదు" అని సంచిలోంచి పాత నేతచీర ముక్క తీసింది.