ఐటినరరీ గారూ, ఆ తొమ్మిదో రాత్రి సంగతి

మహారాజశ్రీ ట్రావెల్ ఐటినరరీ గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలం అడగక్కర్లేదు. ప్లాస్టిక్ ఫోల్డర్లో, నాలుగు పేజీలుగా, కలర్ ప్రింటులో, ఒక్క మడత లేకుండా ఉన్నారు. మేమే మొన్న మంగళవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగున్నర దాకా మీ పుణ్యమా అని ఫుట్‌పాత్ మీద ఉన్నాం.

నా ముగ్గురు స్నేహితురాళ్ల యూరప్ యాత్ర వీసా కోసం, ఏ రోజు ఎక్కడ ఉంటారో చెప్పే కాగితం కదా అని మిమ్మల్ని పట్టుకుని వెళ్లాం. వీసా సెంటర్ లోపలికి అప్లై చేసేవాళ్లనే రానిస్తారు. నేను జర్మనీలో చదువుకుంటున్నదాన్ని, సెమిస్టర్ సెలవులకు ఇంటికొచ్చాను, ఆహ్వానించింది నేనే, మిమ్మల్ని టైపు చేసింది కూడా నేనే. అయినా సెక్యూరిటీ ఆయన దృష్టిలో నేనెవరూ కాను. కాబట్టి ముగ్గురి ఫోన్లు, రెండు నీళ్ల బాటిళ్లు, ఒక పవర్ బ్యాంకు ఒళ్లో పెట్టుకుని టీ బండి దగ్గర కాపలా కూర్చున్నాను. మూడో చాయ్ తాగుతుంటే బండాయన "ఇంకా కాలేదా అమ్మా?" అన్నాడు. అడిగిన ఆ ఒక్క మాట కోసం నాలుగోది కూడా తాగాను.

బయటికొచ్చిన మొదటిదాని మొహం చూడగానే తెలిసిపోయింది. మీరు దాని చేతిలో ఉన్నారు. మూడో పేజీలో తొమ్మిదో రోజు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. బడిలో తప్పు లెక్కకు మా టీచరు కూడా అంత గుండ్రంగా చుట్టలేదు.

లోపల జరిగిన సంభాషణ, వాళ్లు ముగ్గురూ ఒకేసారి అరుస్తూ చెప్పినదాన్ని బట్టి, ఇదీ:

"తొమ్మిదో రోజు రాత్రి హోటల్ బుకింగ్ ఏది మేడమ్?"

"ఆ రాత్రి ట్రైన్‌లో ఉంటామండి. వియన్నా నుంచి వెనిస్‌కి."

"ట్రైన్ టికెట్?"

"వీసా వచ్చాక కొంటామండి."

"మరి ఎక్కడ పడుకుంటారు?"

"ట్రైన్‌లోనేనండి."

"అంటే ఆ రాత్రికి అకామడేషన్ లేదన్నమాట."

కావాలంటే ఇలాగే ఇచ్చెయ్యండి, కాగితం తక్కువైందని తెలిసే ఇస్తున్నామని సంతకం పెట్టండి, రిజెక్ట్ అయితే మా బాధ్యత లేదు అన్నాడట కౌంటర్‌లో ఆయన. కట్టిన 90 యూరోలు, రిజెక్ట్ అయినా తిరిగి రావు. ఆ మాట వినగానే మా బ్యాంకు పిల్ల ఫైలు తీసుకుని లేచి వచ్చేసింది. అప్పులిచ్చే చేయి కదా, రిస్కు వాసన దానికి దూరం నుంచే తెలుస్తుంది.

అయ్యా ఐటినరరీ గారూ, ఒక్కసారి మీ పేజీలు మీరే తిరగేసుకోండి. పద్నాలుగు రోజులు, పదమూడు రాత్రులు. బెర్లిన్‌లో మూడు రాత్రులకు మీలో ఉన్న హోటల్, వీసా వచ్చిన రోజే క్యాన్సిల్ అవుతుంది. డ్రెస్డెన్‌లో మూడు రాత్రులకు నాలుగు నక్షత్రాల హోటల్ అని ఉంది. నిజానికి ఆ మూడు రాత్రులూ 12 చదరపు మీటర్ల నా రూములో, నేల మీద. ఒకతె కాళ్లు డెస్కు కిందికి, ఇంకొకతె తల ఫ్రిజ్ పక్కకి, మూడోది ఎలా పడుకోవాలో ఇంకా తేల్చుకోలేదు. వియన్నా, వెనిస్, రోమ్, అన్నీ ఇదే బాపతు. అన్నిటి కిందా "ఫ్రీ క్యాన్సిలేషన్" అని చిన్న అక్షరాలు. విమానం సంగతైతే ఇంకా గొప్ప. అమీర్‌పేటలో ఆరొందలిస్తే పీఎన్‌ఆర్‌తో సహా డమ్మీ టికెట్ చేతిలో పెట్టారు.

వీటిలో ఒక్కదాని మీదా పెన్సిల్ గీత పడలేదు. అన్నీ సలక్షణంగా పాసయ్యాయి.

ఆ తొమ్మిదో రాత్రి ఒక్కటే నిజం! అది కల్పించింది కాదు. పైబెర్తు ఎవరిదని పదిహేను రోజుల కిందటే కొట్టుకున్నాం. గోంగూర పచ్చడి డబ్బా ఎవరి బ్యాగులో పెట్టాలో తేల్చుకున్నాం. రాత్రెప్పుడో ఆల్ప్స్ దాటుతుంది, పొద్దున్నే కళ్లు నలుపుకుంటూ లేచేసరికి వంతెన మీద రైలుకి రెండు వైపులా నీళ్లు. నిజానికి వాళ్లు వస్తున్నదే ఆ రాత్రి కోసం. మిగతావన్నీ దానికి అటూ ఇటూ అతికించినవి. పన్నెండు అబద్ధాల మధ్య ఉన్న ఒక్క నిజాన్ని పట్టుకుని, దీనికి ప్రూఫ్ ఏది అని అడుగుతారా?

ఇక "మీరు" అనడం నా వల్ల కాదు. నువ్వు, అంతే.

నీకోసం నేనెన్ని చేశాను? రాత్రులు కూడా లెక్కపెట్టాను. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశం వీసాకే అప్లై చేయాలి కాబట్టి జర్మనీకి ఆరు, ఇటలీకి నాలుగు, ఆస్ట్రియాకి రెండు అని తూకం వేశాను. రోమ్‌లో ఇంకో రెండు రోజులు ఉందామని మా టీచర్ పిల్ల బతిమాలితే ఫైలు ఇంకో దేశం పాలవుతుందని నోరు మూయించాను. 35 ఇంటు 45 మిల్లీమీటర్ల వీసా ఫొటోలో చెవులు కనిపించలేదని మళ్లీ స్టూడియోకి పంపించాను. ఇంత చేస్తే నువ్వు రైలు దగ్గర చేతులెత్తేశావు.

అసలు మేం ప్లాన్ చేసుకుని బతికే మనుషులమా? ఇదే నలుగురం, ఇంజినీరింగ్ మూడో ఏడు, రాత్రి పదకొండుకి ఎల్బీనగర్‌లో దోసె తింటూ "అనంతగిరి పోదామా?" అనుకుని రెండు స్కూటీల మీద వికారాబాద్ దాకా పోయాం. సగం దారిలో పెట్రోలు, అక్కడికి చేరాక డబ్బులు, తిరిగొచ్చేటప్పుడు ఓపిక అయిపోయాయి. రాత్రి ఎక్కడ పడుకున్నారని అడిగిన నాథుడు లేడు. మా అమ్మ తప్ప. ఆమెకు చెప్పింది కూడా అబద్ధమే అనుకో, అది వేరే సంగతి.

ఇప్పుడు చెప్పు. నన్ను, అదీ నన్ను, ఏ రాత్రి ఎక్కడుంటావని కాగితం మీద రాసిమ్మంటావా? సెప్టెంబర్‌లో నా థీసిస్. అక్టోబర్‌లో నా రెసిడెన్స్ కార్డు గడువు. డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం వెతుక్కోవడానికి అక్కడ 18 నెలలు ఇస్తారు. అంటే సుమారు 540 రాత్రులు. వాటిలో ఒక్కదానికీ నా దగ్గర బుకింగ్ లేదు. ఏ ఊళ్లో ఉంటానో తెలియదు, జర్మన్ రాని దాన్ని ఎవరైనా ఉద్యోగంలోకి తీసుకుంటారో లేదో తెలియదు. మొన్న వనస్థలిపురంలో గృహప్రవేశానికి వెళ్తే భోజనాల బంతిలో ముగ్గురు అడిగారు, "తర్వాత ఏంటమ్మా?" అని. పప్పు తర్వాత సాంబారు అన్నాను. మా నాన్న అసలేమీ అడగడు. లోన్ స్టేట్‌మెంట్‌ను నాలుగు మడతలు పెట్టి టీవీ రిమోట్ కింద పెడతాడు. రిమోట్ తీసినప్పుడల్లా కనిపిస్తుంది. నేనీ మధ్య టీవీ చూడటం మానేశాను.

ఆ మాటకొస్తే వాళ్లు జూన్‌లోనే ఎందుకు వస్తున్నారో తెలుసా? "నువ్వు ఆడ ఉన్నప్పుడే చూసెయ్యాలె. తర్వాత ఉంటవో ఉండవో" అంది బ్యాంకు పిల్ల, బిర్యానీలో ఎముక తీసి పక్కన పెడుతూ. అంత తేలిగ్గా అంది. నాకు రెండు రోజులు ఆ మాటే చెవిలో ఉంది.

సరే. నిన్న రాత్రి నిన్ను బాగుచేయడానికి కూర్చున్నాను. తొమ్మిదో రాత్రికి వెనిస్‌లో ముగ్గురికి గది బుక్ చేశాను. మేం పైబెర్తు మీద కొట్టుకుంటుంటే, అక్కడ ఎవరూ దిగని గదిలో మూడు దిండ్లు సర్ది ఉంటాయని కాగితం మీద చూపిస్తున్నాను. నీకిప్పుడు తృప్తిగా ఉండాలి. పదమూడుకి పదమూడూ అబద్ధాలే. కొత్త అపాయింట్‌మెంట్ ఏప్రిల్ 9న దొరికింది. తొమ్మిదే, చూశావా? అప్పటికి నేను వెళ్లిపోతాను కాబట్టి ఫోన్లు టీ బండాయన దగ్గర పెడతారట. మాట్లాడేశారు.

నువ్వున్న ఆన్‌లైన్ షీటు అందరం ఎడిట్ చేసేదే కదా. సేవ్ చేసే ముందు కిందికి జరిపితే, పద్నాలుగో రోజు కింద నేనెప్పుడో అర్ధరాత్రి పిచ్చిలో చేర్చి మరిచిపోయిన అడ్డ వరుస కనిపించింది. "అక్టోబర్ నుంచి: ?" అని ఉంది. హోటల్ గడిలో ఇంకో ప్రశ్నార్థకం. దాన్ని ఎవరో చెరిపేసి ఇలా రాశారు: "మా మేడ మీద రూము ఖాళీ. ప్రూఫ్ అక్కర్లేదు." ముగ్గురిలో ఎవరని అడిగితే ఒక్కతీ ఒప్పుకోవడం లేదు. మేడ ఉన్నది ఒక్కదానికే.

ఆ అడ్డ వరుస ఒక్కటీ ప్రింటులో రాకుండా దాచి, నిన్ను మళ్లీ జిరాక్స్ షాపుకి పంపుతున్నాను. పేజీకి పది రూపాయలు, కలర్.

ఇట్లు,
తొమ్మిదో రాత్రి రైల్లోనే పడుకోబోయే,
నిన్ను టైపు చేసిన అభాగ్యురాలు
ఎల్బీనగర్, హైదరాబాద్