ముందు పట్టేది బూజు

వాగులో పడ్డ ఆకుల్ని బ్యాక్టీరియా కుళ్లబెడుతుందని, వాగుల మీద వచ్చిన ఒక వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. మొదట్లో ఎక్కువ పని చేసేది బూజులాంటి శిలీంధ్రాలండీ. ఆకు తడిసిన ఒకటి రెండు రోజుల్లో అందులోని చక్కెరలు, రంగు టీ డికాక్షన్‌లా నీళ్లలోకి దిగిపోతాయి. తర్వాత ఈ శిలీంధ్రాలు పట్టి గట్టి పీచును మెత్తబరుస్తాయి. 1942లో ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న ఇంగోల్డ్ అనే శాస్త్రవేత్త వీటిని వివరంగా వర్ణించాడు. చాలావాటి బీజాలు పల్లేరుకాయ ముళ్లలా నాలుగు వైపులా చాచుకుని ఉంటాయి. పారే నీళ్లలో ఆకుకు తగులుకోవాలిగా మరి! మారేడుమిల్లి వాగుల్లో రాళ్ల పక్కన నురగ చూసి ఎవరో బట్టలుతికారనుకునేవాణ్ని. అడవి వాగుల నురగలో ఈ బీజాలే బోలెడు చిక్కుకుంటాయట.

కాడిస్ ఈగల లార్వాలు (నీళ్లలో పెరిగే పిల్ల పురుగులు), పీతలు ఆకు తినడానికి ఆ తర్వాతే వస్తాయి. ఉత్త అన్నం కన్నా పప్పు కలిపింది మనకు నచ్చినట్టు, వాటికి బూజు పట్టిన ఆకే ఇష్టం. ఈనెలు వదిలేస్తాయి. వాటి రెట్ట దిగువన నీళ్లు వడగట్టుకు తినే పురుగులకు తిండి.

గట్టున జామాయిల్ తోటలుంటే ఏమవుతుందో కూడా ఆ వ్యాసంలో రాయాల్సింది. ఆ ఆకుల్లోని నూనె, పైన మైనపు పూత వల్ల బూజు తొందరగా పట్టదు.