శాతం దొరగారి తీర్పు

బెంగళూరు కాలేజీలకు కొత్త న్యాయమూర్తి వచ్చారు. పేరు శాతం. పిల్లాడు అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేస్తాడు, ఏఐ రాసిందో మనిషి రాశాడో చెబుతానే డిటెక్టర్ 'ఏఐ 71 శాతం' అంటుంది, మాస్టారు కళ్ళజోడు సవరించుకుని 'ఒప్పేసుకో' అంటారు. రాసింది చదవరు. చదివితే పక్షపాతం వచ్చేస్తుంది కదా! సర్క్యులర్లో మాత్రం 'ఏఐని బాధ్యతగా వాడండి' అని ఒక్క ముక్క ఉంటుంది. గ్రామర్ దిద్దించుకోవచ్చా, ఐడియా అడగొచ్చా, అడిగితే ఆ సంగతి ఎక్కడ రాయాలి అన్నవి మాత్రం ఉండవు.

ఈ న్యాయం ఎలా పండుతోందో రాత్రి పదకొండింటికి మారతహళ్ళి పీజీ హాస్టల్లో చూడాలి. మొదటి మంచం బాబు చాట్‌జీపీటీతో 1,500 పదాలు దింపి, 'హ్యూమనైజర్' అనే ఇంకో యంత్రంలో రుబ్బాడు. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అయి కూర్చుంది. పైన తాలింపుగా రెండు స్పెల్లింగ్ తప్పులు. శాతం సున్నా.

రెండో మంచం మీద అనంతపురం తెలుగు మీడియం కుర్రాడు. 'ఫర్దర్‌మోర్', 'ఇన్ కన్‌క్లూజన్' అంటూ ట్యూషన్లో బట్టీ పట్టిన ఇంగ్లీషులో సొంతంగా రాశాడు. శాతం 71.

"నువ్వూ రెండు తప్పులు పెట్టరాదురా?"

"తప్పులు పోగొట్టుకోడానికే నాలుగేళ్ళు పట్టింది రా."

ఎవరు రాశారో డిటెక్టరుకేం తెలుసు? చాలావరకు తర్వాతి మాటను ఎంత తేలిగ్గా ఊహించొచ్చో లెక్కేస్తుంది, అంతే. నేర్పిన నాలుగు వాక్యాలతో నెట్టుకొచ్చేవాడి ఇంగ్లీషు ఇట్టే ఊహకందుతుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకు రాసిన 91 వ్యాసాలను 7 డిటెక్టర్లకిస్తే, సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనన్నాయి. చాట్‌జీపీటీని కన్న ఓపెన్‌ఏఐ కూడా అదే ఏడు జులైలో తన డిటెక్టరును మూసేసింది, సొంత బిడ్డను సరిగ్గా గుర్తుపట్టలేక.

సిగ్గుండాలి. ఇంట్లో మొదటిసారి డిగ్రీ మెట్టెక్కినవాణ్ణి పేజీ తిప్పకుండా దొంగంటారా? ఆ అంకె తప్పయితే వాడి సెమిస్టరు ఎవరిస్తారు?

పట్టుకోడానికి దారులు లేక కాదు. గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ తెరిస్తే మూడు రాత్రుల కొట్టివేతలూ కనబడతాయి, ఒక్క దెబ్బకి వచ్చిపడ్డ 1,500 పదాలూ కనబడతాయి. రెఫరెన్సుల్లో మూడింటి డీఓఐ, అంటే ఒక్కో పేపరుకుండే శాశ్వత లింకు, నొక్కండి. ఏఐ కల్పించినవైతే అసలు తెరుచుకోవు, లేదా చేపల పెంపకం మీద ఇంకెవరి పేపరో తెరుచుకుంటుంది. కూర్చోబెట్టి 'రెండో పేజీలో ఈ మాట ఎందుకన్నావు?' అని అడగడానికి మనిషికి 5 నిమిషాలు, 60 మందికి 5 గంటలు. అమ్మో, అంత తీరికే!

రాత్రి ఒంటిగంట. రెండో మంచం కుర్రాడు వ్యాసంలోంచి 'ది'లు ఒక్కొక్కటే ఏరి పారేస్తున్నాడు. పదకొండు పీకేసరికి 71 కాస్తా 54కి దిగింది.