మా ఓనరు గారూ, అనంత విశ్వాలూ

బహుళ విశ్వాల సిద్ధాంతం మీద నమ్మకం లేనివాళ్లు బెంగళూరు మారతహళ్లిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, ఖాళీ చేసి చూడండి. పది నెలల అడ్వాన్స్ కట్టాను (మన తెలుగువాళ్లే కదా అని అగ్రిమెంటు కూడా సరిగ్గా చదవలేదు). "వచ్చే వారం వేసేస్తాను సార్" అని ఓనరు గారు చెప్పి ఐదు నెలలైంది. మొదట్లో టెన్షన్ పడ్డాను గానీ, విశ్వం పుట్టుక గురించి చదివాక మనసు కుదుటపడింది. ఆయన అబద్ధమాడలేదు. డబ్బు వేశారు, పక్క విశ్వంలోని నా ఖాతాలో.

నవ్వకండి. పుట్టిన మరుక్షణంలోనే, సెకనులో ఊహకందనంత చిన్న ముక్కలో, విశ్వం ఒక్కసారిగా ఉబ్బిందని 1981లో అలన్ గూత్ అనే భౌతిక శాస్త్రవేత్త రాశాడు. ఆ ఉబ్బడం అన్నిచోట్లా ఆగదని, ఆగిన చోటల్లా ఒక్కో విశ్వం మూకుడులో పూరీలా పొంగుతుందని తర్వాతివాళ్లు అన్నారు. పదార్థమంతా అతి సన్నని తీగల కంపనమేననే స్ట్రింగ్ థియరీ వాళ్లనడిగితే ఒకటి పక్కన 500 సున్నాలు పెట్టి, విశ్వాలు అన్ని రకాలుగా ఉండొచ్చంటారు. అన్నింట్లో పెయింటింగ్ చార్జీ కొయ్యని ఓనరు ఒక్కడైనా ఉండకపోతాడా?

1964లో న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల యాంటెనాను ఎటు తిప్పినా ఒకటే రొద. పావురాల రెట్ట వల్లేమోనని లోపలికి దూరి కడిగారు. రొద పోలేదు. అది విశ్వం తొలినాటి వేడి చల్లారగా మిగిలిన వికిరణమట, 1978లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నేనూ మూడేళ్లు ప్రతి ఆదివారం బాల్కనీలో పాత గరిటెతో అదే రెట్ట గీకాను. నాకొచ్చింది లెక్కల కాగితంలో "క్లీనింగ్ చార్జీ: 4,000".

ఈ ఊళ్లోనే రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. తొలి నక్షత్రాల నాటి రేడియో సంకేతం దొరికిందని 2018లో అమెరికాలో ఒక బృందం ప్రకటిస్తే, వీళ్లు 2020లో సరస్ 3 అనే యాంటెనాను దండిగానహళ్లి చెరువులోనూ, శరావతి నది డ్యాం వెనక నీళ్లలోనూ తేలేశారు, నీళ్ల మీదైతే కింద నేల పొరల గందరగోళం ఉండదని. అంతా విని 2022లో, మాకైతే అది కనపడలేదని రాసేశారు. ఎంత అమాయకత్వం! తప్పని తేలే వీలున్న మాట ఎవరైనా పట్టుకుంటారా? "ఉంది సార్, ఇక్కణ్నుంచి కనపడదంతే" అనేస్తే పడవ ఖర్చులైనా మిగిలేవి. సదాశివనగర్ దాకా వెళ్లి మా ఓనరు గారి నంబరు ఇచ్చి రావాలనుంది.

నిన్న మళ్లీ ఫోన్ చేశాను.

"నా వైపు డెబిట్ అయిపోయింది సార్, మీ వైపు కనపడట్లేదా?" అన్నారు.