రెండో తలుపు దగ్గర నిలబడి ఎఫ్‌టీపీ గారికి రాస్తున్న ఉత్తరం

కంప్యూటర్ల మధ్య ఫైళ్లు మోసే మహారాజశ్రీ ఎఫ్‌టీపీ గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమేనని నిన్న మధ్యాహ్నం స్వయంగా తెలుసుకున్నాను. రెండు గంటలకు తలుపు కొట్టడం మొదలుపెట్టి అయిదూ నలభైకి ఆపాను. కొట్టిన ప్రతిసారీ పలికారు. నా బాధల్లా అదే. పలక్కపోయుంటే సర్వర్ పడిపోయిందనుకుని ఇంకో పని చూసుకునేవాణ్ణి.

పని పెద్దదేం కాదు. ఒక వెబ్‌సైట్‌లో ఒకే ఒక్క ఫైలు మార్చాలి. నలభై కేబీ. క్లయింటు కొత్త హోస్టింగ్‌కి మారాడు, వాళ్లు ఇచ్చిన వివరాలు ఫైల్‌జిల్లాలో, అదే, మా తరఫున మీతో మాట్లాడే సాఫ్ట్‌వేర్‌లో, కొట్టాను. మీ మాటలన్నీ అంకెలతోనే మొదలవుతాయి కదా, 220 అని స్వాగతం చెప్పారు. 331, పాస్‌వర్డ్ చెప్పమన్నారు. చెప్పాను. 230, లోపలికి దయచేయమన్నారు. నేనిప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉన్నానని అడిగితే 257 అంటూ ఫలానా ఫోల్డర్ అని చెప్పారు. ఇంత మర్యాద ఈ రోజుల్లో ఎవరు చేస్తారు? సరే, ఈ ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో చూపించండి అన్నాను.

ఇరవై సెకన్లు నిశ్శబ్దం. తర్వాత ఎర్ర అక్షరాలు. డైరెక్టరీ లిస్టింగ్ రాలేదు.

పాస్‌వర్డ్ తప్పేమోనని మళ్లీ కొట్టాను. తప్పయితే 230 ఎందుకంటారు? అయినా కొట్టాను. కేబుల్ పీకి పెట్టాను. ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించాను. యాంటీవైరస్ ఆపాను. హోస్టింగ్ వాళ్ల సపోర్టుకి ఫోన్ చేస్తే "మా వైపు అంతా ఓకే సర్, లాగిన్ అవుతోంది కదా" అన్నాడు. అవుతోంది బాబూ. లాగిన్ అవుతూనే ఉంది, మధ్యాహ్నం నుంచీ అదొక్కటే అవుతోంది.

మీ వయసు తెలుసు కాబట్టి మొదట్లో కోపం రాలేదు. 1971 ఏప్రిల్ 16న ఎంఐటీలో అభయ్ భూషణ్ ఆర్‌ఎఫ్‌సీ 114 అనే నియమాల పత్రం రాసినప్పుడు పుట్టారు మీరు. ఆయన ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ వాడు. ఆ లెక్కన మా వైపు నుంచి కాస్త చుట్టరికం ఉంది, అందుకే ఇంత చనువు తీసుకుంటున్నాను. 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కి ముందుతరమైన అర్పానెట్, ఇవాళ్టి ఇంటర్నెట్ నడిచే టీసీపీ ఐపీ పద్ధతికి మారేనాటికే మీకు పదకొండేళ్లు నిండాయి. అంటే ఇప్పుడు మీరు నిలబడ్డ నేల కంటే మీరు పెద్ద. పెద్దల ముందు గట్టిగా మాట్లాడకూడదు. ఒప్పుకుంటాను. కానీ పెద్దాయనా, ఆ రెండో తలుపు ఎందుకండీ?

లోకంలో ఎవరైనా ఒక గుమ్మంలోంచి పిలిచి, అదే గుమ్మంలో మాట్లాడి, అదే గుమ్మంలోంచి సామాను అందిస్తారు. మీ ఇంట్లో అలా కాదు. 21వ నంబరు గుమ్మంలో మాటలు మాత్రమే. సామాను కావాలంటే ఇంకో తలుపుకి రావాలి. ఆ తలుపు ఎక్కడో ముందే చెప్పరు, ప్రతిసారీ కొత్త నంబరు. అదైనా సూటిగా చెప్తారా? నిన్న నాకు మీరిచ్చిన జవాబు ఇది: 227, 192,168,1,10,195,80. ఇది చిరునామా అట. మొదటి నాలుగూ ఇంటి అడ్రసు. అయిదో అంకెని 256తో గుణించి ఆరోది కలిపితే తలుపు నంబరు. 195ని 256తో గుణిస్తే 49,920, దానికి 80 కలిపితే 50,000. ఎక్కాలు రాని వాడు ఫైలు తెచ్చుకోకూడదా?

లెక్క చేసుకుని ఆ తలుపు దగ్గరికి పోతే అక్కడ వాచ్‌మన్. ఫైర్‌వాల్ అంటారు ఆయన్ని. 21వ గుమ్మంలో నాకు రాజమర్యాదలు జరిగాయని ఆయనకి కబురు లేదు. నన్ను వెనక్కి కూడా పంపడు, వినబడనట్టు ఊరుకుంటాడు. అందుకే ఆ ఇరవై సెకన్లు.

దీన్ని మీరు పాసివ్ మోడ్ అంటారు. పాత పద్ధతి, ఆ యాక్టివ్ మోడ్, ఇంకా ఘనం. అందులో నేను మా ఇంటి తలుపు నంబరు చెప్పి కూర్చుంటే మీరే మీ 20వ నంబరు నుంచి బయల్దేరి వస్తారు. ఇప్పుడు ప్రతి ఇంట్లో రూటర్ ఉంది పెద్దాయనా. పిలవని వాళ్లని అది లోపలికి రానివ్వదు. కొన్ని రూటర్లు జాలిపడి, మన సంభాషణ చాటుగా విని, ఫలానా నంబరు అనుకున్నారు కదా అని తామే ఆ తలుపు తీసిపెడతాయి. పోనీ మన మాటలు ఎవరూ వినకూడదని టీఎల్‌ఎస్ అనే రహస్య లిపి పెట్టుకున్నామా, ఆ జాలి రూటర్‌కి కూడా వినబడవు. తలుపు మూసే ఉంటుంది. మీతో గుట్టుగా మాట్లాడితే పని కాదు. పని కావాలంటే ఊరంతా వినాలి.

టీసీపీకి ముందు అర్పానెట్ వాడిన ఎన్‌సీపీ పద్ధతి రోజుల్లో కనెక్షన్లు ఒంటిదారి రోడ్లని తెలుసు, పోవడానికొకటి, రావడానికొకటి. అలవాటైన ప్రాణం. ఒప్పుకుందాం. 1985 అక్టోబరులో పోస్టెల్, రేనాల్డ్స్ కూర్చుని ఆర్‌ఎఫ్‌సీ 959తో మీ వ్యవహారమంతా ఒక పద్ధతిలో పెట్టారు. అప్పుడైనా వదిలించుకోవాల్సింది. పెద్ద ఫైలుకి వేరే దారి అంటే ఏదోలే అనుకుంటాను. ఫోల్డర్‌లో ఏముందో చెప్పడానికి కూడా రెండో తలుపేనా? నేను ఏ ఫోల్డర్‌లో ఉన్నానో మొదటి గుమ్మంలోనే చెప్పావుగా! అదే నోటితో ఆ నాలుగు పేర్లూ చదివితే నీ సొమ్మేం పోయింది?

క్షమించండి. ఏకవచనం దొర్లింది.

మీ సంగతి వదిలేసి ఫైల్‌జిల్లా గురించి రెండు ముక్కలు రాస్తాను. మీకు చేస్తున్న ఊడిగం మీకు తెలుసో లేదో. 2001 జనవరి రెండో వారంలో టిమ్ కోసె, ఆయన క్లాస్‌మేట్లు ఇద్దరు కాలేజీ ప్రాజెక్టుగా మొదలుపెట్టారు దాన్ని. కోడ్ ఒక్క లైను రాయకముందే లైసెన్సు గురించి కూర్చుని చర్చించుకున్నారు. అమ్మకానికి పెడదామా? అప్పటికే బజారు నిండా ఎఫ్‌టీపీ క్లయింట్లు. ఒక్క కాపీ కూడా అమ్ముడుపోదని వాళ్లకే అనిపించింది. అందుకని ఓపెన్ సోర్స్ చేసేశారు. ఫిబ్రవరి ఆఖరుకి ఆల్ఫా బయటికొచ్చింది.

ఈ కథ చదివిన వాళ్లంతా ఆ కుర్రాళ్ల వినయం చూసి మురిసిపోతారు. నాకు మాత్రం ఇంకోటి కనబడింది. ఒక్క పెద్దమనిషితో మాట్లాడ్డానికి బజారు నిండా దుబాసీలు! ఇంకో దుబాసీ వస్తే కూలి కూడా గిట్టనంత మంది! అంతమంది అవసరమయ్యారంటే లోపం ఎవరిలో ఉందండీ?

పోనీ ఆ దుబాసీ పనైనా సుఖమా? లిస్టింగ్ ఏ రూపంలో ఉండాలో 959లో చెప్పనే లేదు మీరు. దాంతో ఒక్కో సర్వర్‌ది ఒక్కో యాస. యూనిక్స్‌ది ఒకటి, డాస్‌ది ఒకటి, వీఎంఎస్‌ది మరొకటి. కొత్త ఫైలైతే తేదీ, గంట చెప్పి సంవత్సరం మింగేస్తారు. పాతదైతే సంవత్సరం చెప్పి గంట మింగేస్తారు. ఏ దేశపు గంటో అసలే చెప్పరు. ఇది విని, ఊహించి, సర్ది, మా ముందు చక్కటి వరసల్లో పేర్చి పెడుతుంది ఆ ఫైల్‌జిల్లా. లిస్టింగ్‌కి ఒక కచ్చితమైన రూపం ఆర్‌ఎఫ్‌సీ 3659తో 2007లో వచ్చింది. మీరు పుట్టిన ముప్పై ఆరేళ్లకి. ఆ ఏడాదే ఆ పిల్లలు మొదలుపెట్టిన ప్రాజెక్టు తనను తాను మొదటి నుంచీ తిరగరాసుకుని వెర్షన్ 3గా లైనక్స్‌కి, మ్యాక్‌కి కూడా వెళ్లింది. మీరు ఒక్క లిస్టు సరిచేసుకునేలోపు.

నిన్న కూడా అదే కాపాడింది మిమ్మల్ని. 192.168 అంటే ఇంట్లో వాళ్లు వాడుకునే అడ్రసు. బయటివాడికిస్తే "వంటింటి పక్క గదికి రా" అన్నట్టు. మీరు సిగ్గు లేకుండా అదే ఇచ్చారు. ఫైల్‌జిల్లా చూసి, ఈ అడ్రసు చెల్లదు, సర్వర్ అసలు అడ్రసే వాడుకుంటానని లాగ్‌లో ఒక్క లైను రాసి ముందుకు పోయింది. పెద్దాయన పొరపాటు నలుగురిలో బయటపెట్టలేదు. పాస్‌వర్డ్ సంగతీ అంతే. తీగ మీద మీరు పాస్‌వర్డ్‌ని ఒంటి మీద నూలుపోగు లేకుండా పంపిస్తుంటే, అది మాత్రం లాగ్‌లో చుక్కలు పెట్టి మీ పరువు కాపాడింది.

అలాగని అదేం పతివ్రత కాదు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు కదా. సేవ్ చేసుకున్న పాస్‌వర్డులన్నీ ఏళ్ల తరబడి ఎవరైనా తెరిచి చదవగల మామూలు ఎక్స్‌ఎంఎల్ ఫైల్లోనే పెట్టుకుంది. వాటికి తాళం వేసే మాస్టర్ పాస్‌వర్డ్ 2017లో గానీ రాలేదు. ఎవరి దగ్గర నేర్చుకుందంటారు?

లైను ముగిసే గుర్తుల్ని (లైన్ ఎండింగుల్ని) దారిలో మార్చేసే మీ టెక్స్ట్ మోడ్ గురించి రాయను, రాస్తే ఈ ఉత్తరం తెల్లారేదాకా తెమలదు. పీఎన్‌జీ బొమ్మల ఫైలు మొదట్లో ఎనిమిది బైట్లుంటాయి. అందులో కావాలనే లైన్ ఎండింగులు ఇరికించారు, దారిలో ఎవరైనా వాటిని మార్చితే వెంటనే తెలిసిపోవడానికి. 1996లో పుట్టిన పిల్ల ఫార్మాట్‌కి పుట్టగానే మీ దిష్టి తగలకుండా తాయెత్తు కట్టారన్నమాట. ఈమెయిల్ మాత్రం తెలివైనది. మొదట్లో మీ ఇంట్లోనే మీ కమాండ్లతో కాలం గడిపి, 1982లో తన సొంత పద్ధతి ఎస్‌ఎమ్‌టీపీ రాగానే వేరు కాపురం పెట్టుకుంది. బ్రౌజర్లు 2021లో మొహమాటం వదిలేసి మిమ్మల్ని బయటికి పంపాయి. ఎస్‌ఎఫ్‌టీపీ అని ఒకడున్నాడు, పేరు చివర మీ పేరే గానీ రక్తసంబంధం లేదు. గుట్టుగా మాట్లాడించే ఎస్‌ఎస్‌హెచ్ వాళ్ల పిల్లాడు. వాడికి ఒకటే తలుపు, 22. నిన్న వాణ్ణి పిలవమనే సపోర్టులో అడిగాను. "ఈ ప్లాన్‌లో ఎఫ్‌టీపీ ఒక్కటే సర్."

నాలుగున్నరకి సపోర్టువాడు "పాసివ్ పోర్టులు ఓపెన్ చేశాం సర్, చూడండి" అన్నాడు. చూశాను. ఇరవై సెకన్లు. అయిదుకి "ఇప్పుడు చూడండి" అన్నాడు. ఇరవై సెకన్లు. పోర్టులు 40,000 నుంచి 45,000 దాకా తీశాడట. నువ్వు ఇస్తున్నవి 50,000 ప్రాంతంలోవి. ఆ ముక్క వాడికి నేను చెప్పాలా, ఎక్కం నేను వేసి చెప్పాలా! యాభై ఏళ్లు దాటాయి, ఇంకా నీ ఇంటి తలుపులు నీకే గుర్తుండవు, నీ వాచ్‌మన్‌కి నువ్వు చెప్పవు, వచ్చినవాడు రెండు చోట్లా నిలబడి మీ ఇద్దరికీ మధ్యవర్తిత్వం చెయ్యాలి. మధ్యాహ్నమంతా పోయింది. నలభై కేబీకి. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని నడిచిపోయినా ఈపాటికి ఇచ్చి వచ్చేవాణ్ణి.

ఈసారి క్షమాపణ లేదు.

అయిదూ ముప్పై ఎనిమిదికి తలుపు తెరుచుకుంది. ఫోల్డర్‌లో ఉన్నవి నాలుగే ఫైళ్లు. నాది పడేశాను. కళ్లు మూసి తెరిచేలోపు 226, ట్రాన్స్‌ఫర్ పూర్తయింది. ఒక్క బైటు అటూ ఇటూ కాలేదు. వెళ్లొస్తానంటే 221, వెళ్లి రండి అన్నావు. మూడున్నర గంటలు బయట నిలబెట్టినవాడు సాగనంపడానికి మాత్రం గుమ్మం దాకా వచ్చాడు. తిట్టబోయిన మాట నోట్లోనే ఉండిపోయింది. ఫైల్‌జిల్లా విండో మూసి చాలాసేపు ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

ఉభయకుశలోపరి.

ఇట్లు,
230 దాకా వచ్చినవాడు

తా.క.: ఈ ఉత్తరానికి జవాబు రాయాలనిపిస్తే నా చిరునామా 192,168,1,10,195,80. లెక్క చేసుకుని రండి. వాచ్‌మన్‌కి నేనేం చెప్పలేదు.