గిఫ్ట్ షాపు కోలా బొమ్మ గారికి

మహారాజశ్రీ కోలా బొమ్మ గారికి,

నిన్న మధ్యాహ్నం సిడ్నీలో మీ దర్శనమైంది. షాపులో మీరు లేని అర ఉంటే కదా! కీచెయిన్‌కి మీరే, టీ కప్పు మీద మీరే, సాక్సుల మీదా మీరే. మా అమ్మాయికి స్కూల్లో రీజెంట్ హనీఈటర్ మీద ప్రాజెక్టు. ఆ పిట్ట బొమ్మ కొనిపెడతానని మాటిచ్చి తీసుకెళ్లాను. గంటన్నర వెతికాం. కౌంటర్లో కుర్రాడు "అదేంటి?" అన్నాడు.

అంతకుముందు మీ అసలు స్వరూపం పక్కన ఫొటో కోసం నలభై నిమిషాల క్యూ. తీరా మా వంతు వచ్చేసరికి వారు కొమ్మని కావలించుకుని మాకు వీపు చూపించారు. రోజుకి ఇరవై గంటలు పడుకునేవారిని ఏం లేపుతాం లెండి.

మీకు కష్టాల్లేవనను. 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్‌లలో మిమ్మల్ని అంతరించే ముప్పున్న జాబితాలోకి ఎక్కించారు. గుంటూరు నుంచి మామగారు ఫోన్ చేసి మరీ "పాపం ఎలుగుబంట్లు" అన్నారు. ఎలుగుబంటి కాదండీ, పొట్టకి సంచి ఉన్న జంతువు అంటే వింటేగా! ఆ పిట్ట పరిస్థితి మీకన్నా అధ్వానం. అడవిలో మిగిలినవి కొన్ని వందలే. దాని కోసం ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

దాని పాట సంగతి వినండి. మగపిట్టల్లో దాదాపు 12 శాతానికి సొంత పాటే రాదని 2021లో ఒక పరిశోధనలో తేలింది. నేర్పే పెద్దపిట్టలు చుట్టుపక్కల లేక, పిల్లలు వేరే పిట్టల కూతలు పట్టుకున్నాయి. అలాంటివాటికి జోడీ దొరకడమూ కష్టమేనట. అందుకని జూలో పుట్టిన పిల్లలకి రికార్డింగులు వినిపించి, పాట వచ్చిన మగపిట్టని దగ్గర పెట్టి నేర్పిస్తున్నారు. అచ్చం మా ఆదివారం తెలుగు బడే. ఇది చదివి మా అమ్మాయి "నాన్నా, నాలాగేనా?" అంది. నేను ట్రాఫిక్ చూస్తున్నట్టు నటించాను.

ఇంత కథ ఉన్న పిట్టకి ఒక్క అర ఇవ్వరా? కళ్ల చుట్టూ పొక్కుల్లాంటి చర్మం ఉంటే, ముద్దు రాకపోతే, ఇక చావాల్సిందేనా? మీరు తినే ఆకూ, అది తాగే తేనే యూకలిప్టస్‌వే కదయ్యా! ఆ చెట్టు కొట్టేస్తే నువ్వెక్కడ పడుకుంటావ్?

క్షమించండి, నోరు జారింది.

చివరికి మిమ్మల్నే కొన్నాం. ముప్పై అయిదు డాలర్లు. లేబుల్ మీద మేడ్ ఇన్ చైనా.

ఇట్లు,
ఒక తండ్రి

తా.క.: మా అమ్మాయి మీకు నల్ల రంగు పూసి, పసుపు చుక్కలు పెట్టి, అట్టముక్కతో ముక్కు అతికించింది. రేపే ప్రాజెక్టు. కాస్త కదలకండి, జిగురు ఇంకా ఆరలేదు.